వార్ధక్యమున కాలి నిలుకడ

మన యిండ్లలో పెద్దవారు పడిపోయినారను మాట వినబడగానే మొదట మనము అడుగు ప్రశ్న యొక్కటే: "ఎముక విరిగినదా?" విరుగలేదని తెలిసినచో దేవునికి నమస్కరించి యూరకుందుము. ఎట్లు పడిరి, ఎందుకు పడిరి, మరల పడకుండ ఏమి చేయవలెను అను ప్రశ్నలు మనకు తట్టవు. ముసలితనము వచ్చినది గనుక కాలు జారినది అని సమాధానపడుదుము. నేనును అట్లే సమాధానపడినదానను. ఆ సమాధానము మా యింట నెంత కీడు చేసినదో, దాని నెట్లు దిద్దుకొంటిమో సోదరీమణులకు తెలుపుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాను.

మా యిల్లు బెజవాడ వన్‌టౌనులో, కొత్తపేటకు పైన, కొండవాలున నున్నది. ఈ ప్రాంతము నెరిగినవారికి వర్ణింప నక్కరలేదు. సందులు ఇరుకు. సందునుండి యింటికి చేరవలెనన్న మెట్లు. ఆ మెట్లలో నొకటి జానెడెత్తు, దాని ప్రక్కది అడుగెత్తు. మా అత్తగారు కోడలుగా వచ్చిన నాటినుండి ఏబది యేండ్లకు పైగా ఆ మెట్లు దినమున కెన్నిసారులు ఎక్కి దిగిరో లెక్క లేదు. కాళేశ్వరరావు మార్కెట్టునుండి కూరల సంచితో ఎక్కివచ్చి, ఆయాసము తీర్చుకొనకయే వంటకు కూర్చుండెడివారు. అట్టి యామె రెండేండ్ల క్రిందట, తమ డెబ్బదినాలుగవ యేట, కార్తికమాసమున తెల్లవారుజామున స్నానము చేయుచు జారిపడిరి. తుంటి కమిలినది; ఎముక విరుగలేదు.

అది మొదలు మేమందరమును ఆమెను కాపాడుటకు పూనుకొంటిమి. వరండాలో పడకకుర్చీ వేసితిమి. మంచినీళ్ళు చేతికి, భోజనము ఒడిలోకి. తులసికోట వద్దకు పోనక్కరలేకుండ తులసికుండీనే కుర్చీ ప్రక్కకు తెచ్చితిమి. ఆమె లేవబోయిన, "వద్దు, వద్దు, కూర్చోండి" అని నలుగురమును పరుగెత్తెడివారము. మా ఆడుబిడ్డ హైదరాబాదునుండి రోజును ఫోను చేసి, "అమ్మను కదలనీయకు వదినా" అని హెచ్చరించుచుండెను. వచ్చిన చుట్టములు మా సేవను మెచ్చుకొనిరి. నాకును లోలోపల గర్వముగానే యుండెనని ఒప్పుకొనుచున్నాను.

నాలుగు నెలలు గడచునప్పటికి ఆమె గడప దాటుటకు ఇద్దరి భుజములు కావలసివచ్చెను. పిక్కలు సడలినవి. అడుగు ఎత్తి వేయుట పోయి, ఈడ్చి వేయుట వచ్చెను. ఒకనాటి రాత్రి నేను పక్క సర్దుచుండగా ఆమె నన్ను చూచి, "అమ్మాయీ, నేను పడ్డది ఒక్కసారే. మీరు నన్ను రోజూ పడగొడుతున్నారు" అనిరి. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా వీధిలో ఫిజియోథెరపీ చదివిన పిల్ల యొకతె యున్నది. మరునాడు ఆమెను పిలిపించితిని. ఆమె మందులేవియు అడుగలేదు. ముందుగా, "మామ్మగారూ, చేతులు గుండెమీద పెట్టుకొని కుర్చీలోనుంచి లేవండి" అన్నది. అత్తగారు మూడుసార్లు ప్రయత్నించి లేవలేకపోయిరి. ఆ పిల్ల నావైపు తిరిగి, "కాళ్ళలో జబ్బు లేదండీ, కాళ్ళకు పని లేదు" అన్నది. ఇంతకంటె సూటిగా నన్నెవరును మందలించి యుండలేదు.

నిలువబడుట యెంత గొప్ప పనియో, నిలువబడగలిగినంత కాలము మనకు తెలియదు. రెండు చిన్న పాదములమీద ఇంత దేహము నిలుచుటకు ముగ్గురు సాక్షులు ప్రతి క్షణము మెదడునకు కబురు చేర్చుచుందురు. మొదటి సాక్షి కన్ను. రెండవది చెవి, అనగా వినెడి భాగము కాదు. లోచెవిలో అర్ధవృత్తాకారములైన సన్నని గొట్టములు మూడు కలవు, వాటిలో నీరువంటి ద్రవ ముండును. తల యెటు తిరిగినను ఆ ద్రవము కదలి, ఆ సంగతి మెదడునకు తెలుపును. మూడవ సాక్షి అరికాలు, చీలమండ, మోకాలు. కన్ను మూసికొనినను నేల ఎత్తో పల్లమో ఇవి చెప్పును. మెదడు ఈ మూడు కబురులను కలిపి చూచి, పిక్కలకు, తొడలకు, నడుమునకు ఆజ్ఞ నిచ్చును. దేహ మొక ప్రక్కకు ఒరగగానే కండరములు దానిని వెనుకకు లాగవలెను. ఇదంతయు రెప్పపాటులో జరుగును.

వయస్సు మీరినకొలది సాక్షులు ముగ్గురును మందగింతురు. కంటికి శుక్లము క్రమ్మును. లోచెవి చురుకుదనము తగ్గును. మధుమేహము గలవారికి అరికాళ్ళు మొద్దుబారును. వచ్చిన కబురును విని కదలవలసిన కండరములును సన్నబడును. అయినను ముగ్గురిలో నొకరు తప్పినచో మిగిలిన ఇద్దరు నెట్టుకొని వత్తురు. ముగ్గురును ఒక్కసారి తప్పినప్పుడే ప్రమాదము. స్నానపు గదిలో ఇంతమంది యేల పడుదురో దీనినిబట్టి నాకు బోధపడినది. తలపై చెంబుతో నీరు పోసికొనునప్పుడు కన్నులు మూసియుండును, తల వంచియుండును, కాలి క్రింద సబ్బునీరు. ముగ్గురు సాక్షులకును నోరు కట్టివేసి, ఆపై దేహమును నిలువుమనుచున్నాము!

కాని యీ నిలుకడ పుట్టుకతో వచ్చి ముసలితనముతో పోవు సొత్తు కాదు. అది నేర్చుకొనిన విద్య. పసిబిడ్డ తప్పటడుగులు వేసి, పడి, లేచి నేర్చుకొనును. తరువాత ఆటలు నేర్పును. చిన్ననాడు మనమాడిన తొక్కుడుబిళ్ళ యేమి? ఒంటికాలిపై గెంతుచు గడులు దాటి, వంగి బిళ్ళ తీసికొని, గీత త్రొక్కక మరలివచ్చుట. ఒప్పులకుప్ప యేమి? గిరగిర తిరిగి, ఆగి, తూలక నిలుచుట. కృష్ణ డెల్టా పల్లెలలో నాట్ల కాలమున ఆడువారు నారుకట్టలు మోసికొని, రెండు పాదములు ప్రక్కప్రక్కన పట్టనంత సన్నని చేలగట్లమీద నడచుచుందురు. అదంతయు శిక్షయే, దానికి వ్యాయామమని ఎవరును పేరు పెట్టలేదు. మన కృష్ణాజిల్లా కూచిపూడి గ్రామము పేరిట ప్రసిద్ధికెక్కిన నాట్యములో తరంగము నాడు నర్తకి ఇత్తడిపళ్ళెము అంచుపై కాళ్ళు మోపి, తలపై నీటిచెంబు నుంచుకొని, తాళము తప్పక కదలును. ఆమె పాదములకును మన పాదములకును ఎముకలలో భేదము లేదు. ఉన్న భేదము సాధనలో.

మనము ఈ సాధనను ఒక్కొక్కటిగా విడిచితిమి. పీట పోయి కుర్చీ వచ్చెను. రోలు పోయి మిక్సీ వచ్చెను. కొళాయి వచ్చి బిందె మోత తప్పినది. వీటిని మరల వెనుకకు తెమ్మని నేను చెప్పుట లేదు. నడుములు విరుగునట్లు పిండి రుబ్బిన మన తల్లుల అవస్థ నాకు మరపునకు రాలేదు. ఆ పనులతోపాటు పోయిన కాలి చురుకును మాత్రము వేరొక దారిని తెచ్చుకొనవలెనని నా మనవి.

ఇది నా యూహ మాత్రమే కాదు. 65 సంవత్సరములు దాటినవారిలో ఏటేట నూటికి 28 మొదలు 35 మంది వరకు పడుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007 సంవత్సరపు నివేదికలో తెలిపినది. న్యూజిలాండు దేశమున డునెడిన్ అను పట్టణములో 80 సంవత్సరములు నిండిన 233 మంది స్త్రీలను రెండు జట్లుగా విభజించి పరీక్షించిరి. ఒక జట్టువారికి శిక్షకురాలు ఇంటికే వచ్చి కాలిబలము, నిలుకడ పెంచు వ్యాయామములు నేర్పినది. ఒక సంవత్సరము గడచునప్పటికి వ్యాయామము చేయని జట్టులో 152 సారులు, చేసిన జట్టులో 88 సారులు పడిరని లెక్క తేలినది. ఇది 1997 లో ప్రకటింపబడెను. ఎనుబదియేండ్ల ముత్తవ్వలు, తమ యింటిలోనే, ఏ గొప్ప యంత్రమును లేక సాధించిన ఫలమిది! తరువాత 2019 లో ఇట్టివే 108 పరిశోధనలను, 23 వేల మందికి పైబడినవారి లెక్కలను ఒకచోట చేర్చి చూడగా, వ్యాయామమువలన పడుట నూటికి 23 వంతులు తగ్గినట్లు కనబడెను. అందులో నిలుకడను పరీక్షించు వ్యాయామములే ముఖ్యము. ఊరక నడచుటవలన అంత మేలు కలుగునని రుజువు కాలేదు.

ఈ చివరి మాట మా మామగారికి నచ్చలేదు. వారు ప్రతి ఉదయమును ఒక గంట నడచివత్తురు. తమకీ పాఠములు అక్కరలేదనిరి. ఆ పిల్ల నవ్వి, "అయితే గోడ దగ్గర ఒంటికాలిమీద నిలబడండి తాతయ్యగారూ" అన్నది. నేను మనస్సులో లెక్కించితిని. మూడు అంకెలు కాకమునుపే వారి చేయి గోడను పట్టుకొన్నది. మరునాటినుండి వారును శిష్యులైరి.

ఆ పిల్ల నేర్పిన క్రమమును ఇక్కడ వ్రాయుచున్నాను. ఆధారమునకు వంటగట్టునుగాని, కిటికీ ఊచలనుగాని, గట్టి స్తంభమునుగాని పట్టుకొనవలెను. కదలెడి కుర్చీని, తలుపురెక్కను నమ్మరాదు. చీరకుచ్చెళ్ళు చీలమండకు పైకి ఉండవలెను. భోజనము చేసిన వెంటనే కూడదు, తడినేలపై అసలే కూడదు. పెద్దవారు చేయుచున్నంతసేపు ఒకరు ప్రక్కన, చేయి చాపినచో అందునంత దూరమున నిలువవలెను, కాని పట్టుకొనరాదు. ఈ "పట్టుకొనరాదు" అనునది నాకు మిక్కిలి కష్టమైన పాఠము.

మొదటిది, కుర్చీనుండి లేచుట. గట్టి కుర్చీని గోడకు ఆనించి, దానిలో ముందుకు జరిగి కూర్చుండి, పాదములు వెనుకకు లాగుకొని, ముందుకు వంగి లేవవలెను. మొదట చేతుల ఊతముతో, పిదప ఒక చేతితో, తరువాత చేతులు లేకుండ. కూర్చుండుటయు మెల్లగనే జరుగవలెను, దబ్బున కూలబడరాదు. అత్తగారు మొదటివారము రెండుసారులు లేచినారు. రెండునెలలకు పదిసారులు. తరువాత వంటగట్టు పట్టుకొని మునివ్రేళ్ళపై లేచుట, మడమలపై నిలుచుట. ఇవి పిక్కలకు, చీలమండలకు బలము నిచ్చును. పప్పు ఉడుకునంతసేపు నేనును ఆమె ప్రక్కన నిలిచి చేసెడిదానను.

ఆపై అసలు నిలుకడ. పాదములు రెండును జంటగా చేర్చి నిలువవలెను. అది సులువైనప్పుడు ఒక పాదమును సగము ముందుకు జరుపవలెను. అదియు సులువైనచో ఒక మడమను రెండవ కాలి బొటనవ్రేలికి తాకించి, రెండు పాదములను ఒకే గీతపై నుంచి నిలువవలెను. చివరకు ఒంటికాలు. అంకెలు లెక్కించుట అత్తగారికి విసుగు పుట్టించెను. కేశవనామములు చెప్పుకొనుచు నిలిచెదననిరి. నామము లిరువదినాలుగు. మొదటిదినమున ఒంటికాలిపై మాధవనామము దాటలేదు. శ్రావణమాసమునకు వామనునివరకు వచ్చిరి.

నడకలో ముఖ్యమైనదానికి మా యింట "గట్టునడక" యని పేరు. నేలపై పలకల అతుకు గీతను చేలగట్టనుకొని, ఒక పాదము మడమకు మరొక పాదము వ్రేళ్ళు తగులునట్లు, గోడప్రక్కన పది యడుగులు నడచుట. చిన్ననాడు దివిసీమలో పుట్టింటివారి చేలగట్లపై పరుగులు తీసిన అత్తగారికి ఈ పేరు వినగానే ఉత్సాహము కలిగినది. అటుతరువాత ప్రక్కకు నడచుట, వెనుకకు నడచుట, రెండు బిందెలను దూరముగా నుంచి వాటిచుట్టు ఎనిమిది అంకెవలె తిరిగి వచ్చుట. మలుపు తిరుగునప్పుడే పెద్దవారు ఎక్కువగా తూలుదురు గనుక ఈ బిందెల ప్రదక్షిణము మంచిది.

ఒక సూక్ష్మము మరువరాదు. చేసెడి పని కొంచెము కష్టముగా నుండవలెను. ఏమాత్రము తూలు లేకుండ చేయగలిగినచో దానివలన లాభము తక్కువ. తరువాతి మెట్టునకు పోవలెను. మరీ తూలుచున్నచో ఒక మెట్టు క్రిందికి దిగవలెను. వారమునకు మూడు దినములు అరగంట చొప్పున మొదలిడి, క్రమముగా వారమునకు మూడు గంటల వరకు పెంచుట మేలు. ఫలము కనబడుటకు రెండు మూడు నెలలు పట్టును. మానివేసినచో వచ్చినది పోవును.

ఎవరంటే వారు స్వతంత్రించి మొదలు పెట్టరాదు. లేచినప్పుడు కన్నులు చీకట్లు క్రమ్మువారు, తల గిరగిర తిరుగువారు, గుండెనొప్పి గలవారు, పక్షవాతముగాని వణుకుడు జబ్బుగాని కలిగినవారు, ఇటీవల ఎముక విరిగినవారు ముందుగా వైద్యునికి చూపుకొనవలెను. నిద్రమాత్రలు, రక్తపోటు మందులు కొందరికి తూలు కలిగించును. వాటిని తామే మానివేయక వైద్యునితో చెప్పి మార్పించుకొనవలెను. కంటి శుక్లమును "చూద్దాములే" అని వాయిదా వేయరాదు. బహిష్టు ఆగిన పిమ్మట స్త్రీల ఎముకలు పలుచనగును గనుక, పడినప్పుడు తుంటి విరుగుట మనకే ఎక్కువ. ఎముకల బలమును గూర్చియు వైద్యుని అడుగుట మంచిది.

ఇంటిలో మార్పులు కొద్దివే. స్నానపు గదిలో గోడకు ఇనుపకమ్మి బిగించి, నేలకు రబ్బరు చాప వేసి, కూర్చుండి స్నానము చేయుటకు ఎత్తుపీట యమర్చితిమి. పక్కనుండి ఆ గది వరకు రాత్రియంతయు చిన్న దీప ముండును. గడప సంగతి యొకటి చెప్పవలెను. మన పూర్వులు గడపకు పసుపు పూసి తెల్లబొట్లు పెట్టిరి. భక్తి సంగతి అటుంచి, చూపు మందగించినవారికి అంతకంటె బాగుగా కనబడు హద్దు లేదు! అయితే శుక్రవారము కడిగిన గడప ఆరక మునుపు పెద్దవారిని దానిపై నడువనీయరాదు.

పడినపుడు లేచు విధమును గూడ ఆ పిల్ల నేర్పినది. కంగారుపడి లాగరాదు. దెబ్బ లేదని తెలిసిన పిదప, ప్రక్కకు ఒత్తిగిలి, మోచేతిపై లేచి, మోకాళ్ళపైకి వచ్చి, కుర్చీ నాధారముగా పట్టుకొని, బలమైన కాలు ముందుంచి లేవవలెను. అత్తగారు దీనిని పరుపుమీద పలుమారు చేసిరి. పడుట కంటె పడుదునేమో యను భయమే కాలిని ఎక్కువగా బంధించును. లేవగలనని తెలిసినప్పుడు ఆ భయము సగము తీరెను.

దసరా గడచి జనసమ్మర్దము తగ్గిన పిదప ఆమె ఇంద్రకీలాద్రి మెట్లపూజ మాట యెత్తిరి. కొండకు నేడు ఘాటురోడ్డు గలదు, లిఫ్టులును గలవు. అయినను మ్రొక్కున్న స్త్రీలు మెట్టు మెట్టుకును పసుపు పూసి, కుంకుమ పెట్టుచు ఎక్కుదురు. ఎక్కుట, వంగుట, లేచుట, మరల ఎక్కుట. నిలుకడకు ఇంతకంటె కఠినమైన పరీక్ష యుండబోదు. మా వారు వలదనిరి. నాకును గుండె దడదడలాడెను. ఆ పిల్ల మాత్రము, ఇద్దరు వెంట నుండవలెనని, కడిగిన మెట్ల జోలికి పోరాదని, అలసినచో ఆగవలెనని చెప్పి పంపినది. ముప్పది మెట్లు నేనే లెక్కించితిని. ముప్పదియవ మెట్టున ఆమె పసుపుగిన్నె నా చేతికిచ్చి, "ఇక చాలు, అమ్మ కోపగించుకోదు" అని కమ్మి పట్టుకొని నిలిచిరి. నేను కడమ మెట్లు పూర్తి చేసితిని. ఆమె దిగునప్పుడే నాకు ఎక్కువ భయము కలిగినది. ఎక్కుటకంటె దిగుటకు కాలిపై అదుపు ఎక్కువ కావలెను. ఒక చేయి కమ్మిపై, ఒక్కొక్క మెట్టునకు రెండు పాదములును చేర్చి, ఆమె మామగారితో క్రిందికి దిగి నాకై కనిపెట్టుకొని కూర్చుండిరి.

ధనుర్మాసము వచ్చినది. నెల పట్టిననాటి ఉదయమున నేను వంటయింటిలో నుండగా వీధిమెట్ల క్రింద నీళ్ళు చల్లిన చప్పుడు వినబడెను. పరుగున పోయి చూడగా మా అత్తగారు చీర ఎగదోపుకొని, నడుము వంచి, నాలుగు చుక్కల ముగ్గు వేయుచుండిరి. వీధిదీపము నా వెనుక వెలుగుచుండెను. నేను చప్పుడు చేయక, చేతులు రెండును చాపి, ఆమె వెనుక నిలిచితిని. ఆమె తల యెత్తకయే, "అమ్మాయీ, కాస్త పక్కకు జరుగు. ముగ్గుమీద నీ నీడ పడుతున్నది" అనిరి.